నొక్కు

పలాసలో మా గుడికి వందేళ్లు నిండిన ఏడు
గోడకి పాలరాయి పెట్టించాం.
నలభై ఒక్క పేర్లు.
నాది ఆరో వరస.
అయిదో వరస కోసం రెండు నెలలు పోట్లాడాను,
ఆ సంగతి రాయి మీద లేదు.
సంఘానికి కార్యదర్శిని, బడికి హెడ్మాస్టర్ని,
చెక్కేవాడి పక్కన స్టూలేసుకు కూర్చుని
ఇంటిపేరులో ఒత్తు సరిగ్గా పడిందో లేదో
వేలితో తడిమి చూసుకున్నవాణ్ని.

అప్పాయమ్మ పేరు లేదు.
బాప్తిస్మం రిజిస్టర్లో ఆవిడ రూతమ్మ.
జీడిపిక్కల బట్టీలో పదిహేడో నంబరు పీట.
రొట్టె అందుకునే వేళ మాత్రం
నల్లబడిన వేళ్లు చెంగు చాటున దాచుకుని
అరచెయ్యి ఒక్కటీ చాపుతుంది.
శనివారం సాయంత్రం చీపురూ బకెట్టూ ఆవిడే.
నలభై ఒక్క పేర్లనీ తడిగుడ్డతో తుడిచేది.
అక్షరం రాదు గనక
అందరినీ ఒకేలా తుడిచేది.

ఒకసారి పెద్దమనసు చేసుకుని అడిగాను,
"కింద కాస్త చోటుంది, నీ పేరు కూడా చెక్కిద్దామా?"
"వొద్దు బాబూ. నా పేరుంతే
మల్ల దాన్ని తుడడానికి నాకు సిగ్గేస్తాది" అంది.
నవ్వాను.
ఇంటికెళ్లి మా ఆవిడకి కూడా చెప్పి నవ్వించాను.

ఆ ఏడే, మంచి శుక్రవారానికి ముందురోజు
అయ్యగారు నడుముకి తువ్వాలు చుట్టుకున్నారు.
పన్నెండు ప్లాస్టిక్ కుర్చీల్లో పన్నెండు మంది పెద్దలం.
అందరం ఇంటి దగ్గరే సబ్బుతో
కాళ్లు కడుక్కుని వచ్చినవాళ్లమే.
నేనైతే గోళ్లు కూడా తీసుకున్నాను.
వెలుతురు చాల్లేదని ఫొటో అబ్బాయి
రెండోసారి కడగమన్నాడు.
కడిగిన నీళ్లు అద్దంలా ఉన్నాయి.
అప్పాయమ్మ బేసిను ఎత్తుకెళ్లి
ములగ మొక్కకి పోసింది.

మూడేళ్లకి
ఉద్దానంలో గడప గడపా ఎక్కే జబ్బు
మా గడపా ఎక్కింది.
ఏ వరసవాడివని అడగలేదు.
వారానికి రెండుసార్లు సూది, గొట్టం,
నాలుగు గంటలు ఆసుపత్రి పైకప్పు.
కాళ్లు పొంగిపోయి చెప్పుల్లో పట్టడం మానేశాయి.
పరామర్శకి వచ్చినవాళ్లు గుమ్మంలోనే నిలబడి
కళ్లు మూసుకుని ప్రార్థించేవారు,
కాళ్లు చూడనక్కర్లేకుండా.

ఆవిడ వచ్చి కింద కూర్చుంది.
బట్టీ దిగి వచ్చినట్టుంది, ఒళ్లంతా పొగ వాసన.
చెంబుతో గోరువెచ్చని నీళ్లు, పాత చీర ముక్క.
నేను కాళ్లు వెనక్కి లాక్కున్నాను.
ఎవరో ఒకాయన కూడా మొదట ఇలాగే లాక్కున్నాడని
పాతికేళ్లు ఆదివారం బడిలో చెప్పింది నేనే.
"లాగీకు బాబూ, నీలొలికిపోతాయి" అంది.
అంతే. వాక్యం చెప్పలేదు.
మధ్యలో బియ్యం సంగతి ఏదో చెప్పింది.
జీడి రసం గీతలన్నీ తినేసిందట,
రేషను మిషను ఆవిడ బొటనవేలిని
ఎన్నిసార్లు పెట్టినా మనిషిగా ఒప్పుకోదట.

ఆ బొటనవేలే
నా పాదం మీద ఆనింది, లేచింది.
నొక్కు పడింది.
నీరు పట్టిన ఒంట్లో నొక్కు వెంటనే పూడదు.
ఆవిడ వెళ్లాక కూడా చూస్తూ కూర్చున్నాను,
కాస్త లోతు, కాస్త నీడ,
ఏ ఉలీ దిగని చోట.

తరవాత పూడిపోయింది.

అప్పాయమ్మకి జ్వరమని నిన్న తెలిసింది.
రాయి మీద దుమ్ము పేరుకుందట.
ఈ శనివారం ఎవరైనా
నన్ను గుడి దాకా ఆటోలో దింపితే బాగుణ్ణు,
చేతికో తడిగుడ్డ ఇచ్చి.
నిలబడలేను. నేల మీద కూర్చుని
అందినంత మేర కింది వరసలు తుడుస్తాను.
నా పేరు పైనుంది.
అందదు.